యాసంగి నాట్లకు ముందే నీళ్ల లెక్క

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చినవాళ్లలో అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లున్నారు, కాలేజీ పిల్లలున్నారు, తెల్లవారకముందే లేచి చెరువుల దగ్గర పక్షుల ఫొటోలు తీసే మిత్రులున్నారు. వెనక వరుసల్లో మహేశ్వరం, షాబాద్, చేవెళ్ల వైపు నుంచి వచ్చిన రైతులు కనిపిస్తున్నారు. మీ అందరితో ఒకేచోట మాట్లాడే అవకాశం నాకు అరుదుగా దొరుకుతుంది. రైతుల సభలో వన్యప్రాణుల మాట ఎత్తితే అడవిపందుల మీద కోపం బయటికొస్తుంది. వన్యప్రాణుల సభలోనేమో బోరు మాట ఎవరూ ఎత్తరు. నా దృష్టిలో రెండూ ఒకటే విషయం. అందుకని ఇవాళ ఒక్కటే అడగడానికి వచ్చాను. యాసంగి నాట్లకు ముందే ప్రతి ఊరూ కూర్చుని తన కాళ్ల కింద ఎన్ని నీళ్లున్నాయో లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో వాగుకు కూడా ఒక వాటా తీసిపెట్టాలి.

ముందు వాన సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు పడితే 4,000 లీటర్ల నీళ్లు. అంటే ఏడాది మొత్తానికి ఎకరం మీద సుమారు 32 లక్షల లీటర్లు. ఇందులో బోర్లకు అందే లోతుకు దిగేది మన గ్రానైట్ నేలల్లో పదో వంతు చుట్టుపక్కల. మిగిలింది ఎండకు ఆవిరవుతుంది, మొక్కలు తాగుతాయి, కొంత వాగుల్లో పారిపోతుంది. ఎకరానికి కొత్తగా జమయ్యేది మూడు లక్షల లీటర్ల పైచిలుకు. ఇది రాబడి.

ఇప్పుడు ఖర్చు. చెలక నేలలో యాసంగి వరికి దమ్ము దగ్గర్నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు తేలిగ్గా పడతాయి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. మూడు లక్షలు జమ, 48 లక్షలు ఖర్చు. ఒక్క ఎకరం వరి పదిహేను ఎకరాల మీద పడిన వాన జమను తాగుతుంది. మడిలో నిలిచిన నీళ్లు కొంత మళ్లీ కిందికే దిగుతాయి కదా అని మీలో ఎవరైనా అడగొచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. సగం దిగుతాయనే అనుకుందాం. అప్పుడు కూడా ఏడెనిమిది ఎకరాల జమ కావాలి. అదే జొన్నకో పల్లికో అయితే 450 మిల్లీమీటర్లతో, ఎకరానికి 18 లక్షల లీటర్లతో గట్టెక్కుతుంది.

ఈ లెక్క చెప్తే వరి రైతును తప్పు పడుతున్నానని కొందరనుకుంటారు. నేను తప్పు పట్టడం లేదు. వరికి మద్దతు ధర ఉంది, కాంటా పెట్టి కొనే ఐకేపీ కేంద్రం ఊళ్లోనే ఉంది. జొన్నకు, కందికి, పల్లికి మద్దతు ధర కాగితం మీద ఉన్నా, ఊళ్లోనే కొంటారన్న ఆ భరోసా లేదు. పైగా వాటిని పక్షులు తింటాయి, పందులు తవ్వుతాయి. అప్పు తెచ్చి సాగు చేసే మనిషి కొనేవాడున్న పంటే వేస్తాడు. కాబట్టి పంట మార్చుకో అని రైతుకు నీతులు చెప్పేముందు, మార్చిన పంటను కొనేదెవరో సర్కారు చెప్పాలి. అది చెప్పకుండా పెట్టే అవగాహన సదస్సులన్నీ వృథా అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మన కింద ఉన్న రాయి గురించి. ఇది తెలియకపోతే మిగతావేవీ అర్థం కావు.

మనం నిలబడ్డ ఈ దక్కన్ గ్రానైట్ రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటిది. లోపల ఇసుకలా గుల్ల లేదు. పైన మట్టి, దాని కింద మొరం, సుద్ద, ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోతే అడుగు దొరకని గట్టి బండ. నీళ్లుండేది మొరంలో, పగుళ్లలో. గట్టి బండ మీద తడిపిన గోనెసంచి పరిచారనుకోండి, మన భూగర్భజలం అంతే. మనకు తెలిసిన నీళ్లన్నీ ఆ సంచి తడిలోనే ఉన్నాయి.

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, మనం ఎన్‌జీఆర్‌ఐ అంటాం, ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి మహేశ్వరంలో ఏళ్ల తరబడి పరిశోధన చేసింది. సుమారు 50 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతంలో బోర్లు వేసి, పంపులు పెట్టి, ఏ లోతులో ఏ పగులు ఎన్ని నీళ్లిస్తుందో కొలిచారు. నీళ్లను బాగా మోసే పగుళ్లు చాలామటుకు పై 35, 40 మీటర్లలోనే ఉన్నాయని తేలింది. మన లెక్కలో 120, 130 అడుగులు. అంతకంటే లోతున పగుళ్లు అసలుండవని కాదు. అక్కడొకటి, ఇక్కడొకటి ఉంటాయి, ఒకదానితో ఒకటి కలవవు. వాటిలో ఏళ్లుగా నిలవ ఉన్న నీళ్లు ఒకసారి తోడితే మళ్లీ నిండడానికి చాలా కాలం పడుతుంది.

మరి ఊళ్లలో ఏం జరుగుతోంది? మూడు వందల అడుగుల బోరు ఎండితే ఆరు వందలు, అది ఎండితే తొమ్మిది వందలు. రాత్రి బోరు బండి వస్తుంది, ఇంటిల్లిపాదీ పొలం గట్టున నిలబడతారు, పాయింటు చూసినాయన కొట్టిన కొబ్బరికాయ అక్కడే ఉంటుంది. వంద అడుగుల దగ్గర కాస్త తడి మన్ను, తర్వాత తెల్లటి దుమ్ము, తెల్లారేదాకా దుమ్మే. పుస్తెలతాడు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఆ దుమ్ములో పోతుంది. ఆ దుమ్ము లేస్తున్నప్పుడు గట్టున నిలబడ్డ ఆడవాళ్ల ముఖాలు చూసినవాళ్లెవరూ ఇంకో వంద అడుగులు దింపమని సలహా ఇవ్వరు. మన దగ్గర లోతు మీద పెట్టే పెట్టుబడి చాలాసార్లు జూదమే. ఆ మాట బోరు బండివాళ్లు చెప్పరు, వాళ్ల కూలి అడుగుల లెక్కన.

ఈ రాయికి ఇంకో గుణం ఉంది, అది మనకు మేలు చేసేది. మొరంలో నీళ్లు పట్టే ఖాళీ నూటికి రెండు పాళ్ల చుట్టుపక్కలే. అందువల్ల 80 మిల్లీమీటర్ల నీళ్లు ఇంకితే బావిలో మట్టం నాలుగు మీటర్లు లేస్తుంది. అంతే నీళ్లు తోడితే నాలుగు మీటర్లు పడిపోతుంది. త్వరగా ఎండుతుంది, త్వరగా నిండుతుంది. 2020 అక్టోబరు వానలకు నగరం మునిగింది, ఆ బాధ మనకు గుర్తుంది. అదే ఏడాది పల్లెల్లో ఎన్నో ఏళ్లుగా ఎండిపోయి ఉన్న బావుల్లోకి నీళ్లొచ్చాయి.

పంజాబ్ పరిస్థితి వేరు. అక్కడ కింద వందల మీటర్ల ఒండ్రు ఉంది. ఎంత తోడినా ఏళ్ల తరబడి నీళ్లొస్తూనే ఉంటాయి, నష్టం బయటపడదు. నాసా గ్రేస్ ఉపగ్రహాల లెక్క ప్రకారం 2002 నుంచి 2008 మధ్య వాయవ్య భారతం 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలాన్ని కోల్పోయింది. అది తిరిగి నిండాలంటే ఎన్ని తరాలు పడుతుందో. 2009లో వాళ్లు చట్టం తెచ్చి జూన్ 10కి ముందు వరి నాటకూడదన్నారు. మనకు ఆ పరిస్థితి రాలేదు. మన రాయి ప్రతి ఎండాకాలం హెచ్చరిస్తుంది, ప్రతి మంచి వానకూ మళ్లీ అవకాశం ఇస్తుంది. ఏడాదికేడాది లెక్క చూసుకుని బతకడానికి ఇంతకంటే అనువైన నేల ఉండదు. చూసుకోవడమే మానేశాం.

మానేశాం అని ఎందుకంటున్నానంటే, ఒకప్పుడు చూసుకునేవాళ్లం. తెలంగాణ చెరువుల కింద తైబందీ ఉండేది. యాసంగికి ముందు చెరువులో ఎన్ని నీళ్లున్నాయో చూసి, ఈసారి ఏ తూము కింద ఎన్ని ఎకరాలకు నీళ్లిస్తామో పెద్దలూ అధికారులూ కూర్చుని తేల్చేవాళ్లు. నీళ్లు తక్కువుంటే ఆయకట్టు తగ్గేది. తూము ఎత్తి దించే బాధ్యత నీరటికాడిది. ఆ పెద్దల్లో అందరూ న్యాయంగా ఉన్నారని నేననను. ఎగువ కులాల పొలాలకు ముందు నీళ్లు, కింది కులాల పొలాలకు చివరి తడి అన్న బాధ ఆ కాలంలోనూ ఉంది. అయినా లెక్కంటూ ఒకటి ఉండేది. అందరి కళ్లెదుటా ఉన్న నీళ్లు కాబట్టి లెక్క వేయడం సాధ్యమైంది.

బోరు వచ్చాక నీళ్లు కళ్లకు కనబడకుండా పోయాయి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం నా భూమి కింది నీళ్లు నేను తోడుకోవచ్చు. కానీ కింద పగుళ్లకు సర్వే నంబర్లుండవు. నా మోటారు పక్కాయన బోరు నీళ్లు లాగుతుంది, ఆయన ఇంకో బోరు వేసి నావి లాగుతాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, బావులు నమోదు చేయాలంది, బోరుకు అనుమతి తీసుకోవాలంది, బోరుకూ బోరుకూ దూరం ఉండాలంది. మంచి చట్టమే. అది అమలైన ఊరు చూపించమంటే మాత్రం నేను చాలాసేపు వెతకాలి.

2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. 2018 జనవరి నుంచి తెలంగాణలో అది 24 గంటలు. వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలు దాటాయి. నేను ఉచిత కరెంటుకు వ్యతిరేకిని కాను. కాలువ కింది రైతుకు నీళ్లు దాదాపు ఊరికే వస్తున్నప్పుడు మెట్ట రైతును మాత్రమే బిల్లు కట్టమనడం అన్యాయం. కానీ కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆడించే ఆటో స్టార్టర్ సంగతి చూడండి. సెకనుకు ఒకటిన్నర లీటరు పోసే మామూలు బోరు రోజంతా ఆడితే 1,30,000 లీటర్లు. ఎకరానికి ఏడాదంతా జమైన నీళ్లు రెండున్నర రోజుల్లో ఖాళీ. రాత్రి పడుకుని ఉండగా మడి నిండి, గట్టు పొర్లి, ఒర్రెలోకి పారుతుంది. స్టార్టర్లు తీసేయమని సర్కారు చెప్పింది, చాలామంది తీశారు, చాలామంది మళ్లీ పెట్టుకున్నారు. ఒకప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక, అర్ధరాత్రి మోటారు వేయడానికి పోయి పాము కరిచి, షాక్ కొట్టి మనుషులు పోయారు. ఆ భయంతో పెట్టుకున్న పరికరం అది. భయం పోయేదాకా అది పోదు. పగటి పూట ఖాయంగా తొమ్మిది గంటలిస్తే చాలని నాతో అన్న రైతులు చాలామందే ఉన్నారు.

బోరు నీళ్లకు తైబందీ సాధ్యమా? సాధ్యమేనని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే రుజువైంది. 2003లో మొదలైన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు, ఏపీఫామ్స్ అని పిలిచేవాళ్లం, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో కరువు పీడిత జిల్లాలు ఏడింటిలో, 638 ఆవాసాల్లో నడిచింది. మన మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా అందులో ఉన్నాయి. అందులో ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు, ఎవరి బోరూ మూయించలేదు. రైతుల చేతికి కొలతలిచ్చారు. ఊళ్లో వానమాపకం పెట్టారు. ఎంచుకున్న బావుల్లో పదిహేను రోజులకోసారి టేపు దించి మట్టం చూశారు. డ్రమ్ము పెట్టి, గడియారం పట్టుకుని బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో లెక్కగట్టారు. ఆ అంకెలు ఊరి గోడ మీద రాశారు. యాసంగికి ముందు ఆడా మగా కూర్చుని, ఇన్ని నీళ్లు దిగాయి, మనం వేయాలనుకున్న పంటలకు ఇన్ని కావాలి, ఇంత తక్కువ పడుతోంది అని తేల్చారు. తర్వాత ఎవరి నిర్ణయం వాళ్లది. చాలా ఊళ్లలో వరి తగ్గింది, ఆరుతడి పంటలు పెరిగాయి. ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన భూగర్భజలాల నివేదిక దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

నాకు ఇందులో నచ్చింది ఆ గోడ రాత. అంతకుముందు నీళ్లెక్కడున్నాయో పాయింటు చూసేవాళ్లకు, జియాలజిస్టుకు, బోరు బండి ఓనరుకు తెలుసని జనం అనుకునేవాళ్లు. ఏడో తరగతి చదివిన ఒక అక్క టేపు పట్టుకుని బావిలో మట్టం చెప్పగలిగినప్పుడు ఊళ్లో మాట్లాడే తీరు మారింది. ప్రాజెక్టు ముగిశాక చాలాచోట్ల కొలవడం ఆగిపోయింది. జీతమిచ్చే సంస్థ పోతే పని ఆగడం వింత కాదు. ఆ పనిని పంచాయతీ బాధ్యతగా చట్టంలో రాయకపోవడం మాత్రం పెద్ద లోటు. అనంతపురం జిల్లాలో వాసన్ సంస్థ తోడ్పాటుతో కొన్ని ఊళ్ల రైతులు ఇంకో అడుగు వేశారు. బోరున్నవాళ్లు పైపులైను వేసి బోరు లేని పక్క రైతుల పంటకు ఎండల్లో ఒకటి రెండు తడులు ఇస్తారు, బదులుగా అక్కడ ఎవరూ కొత్త బోరు వేయకూడదని ఒప్పందం. మహారాష్ట్రలో హివరే బజార్ గ్రామసభ ఏటా నీటి లెక్క చూసుకునే పంటలు ఖరారు చేస్తుంది. సాగుకు బోర్లు వేయడమే అక్కడ నిషేధం.

ఈ మాటలు విన్నాక కొందరు అంటారు: ఇంత గొడవెందుకు, ఇంకుడు గుంతలు తవ్వుదాం, చెక్‌డ్యాములు కడదాం, నీళ్లు పెరుగుతాయి అని. తవ్వాలి, కట్టాలి. శంకర్‌పల్లి మండలం కొత్తపల్లిలో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999లో మొదలుపెట్టిన ఆదర్శ వాటర్‌షెడ్ చూడండి, బావులు తేరుకున్నాయి. మిషన్ కాకతీయ కింద 46,000కు పైగా చెరువులను పునరుద్ధరించాలని 2015లో మొదలుపెట్టారు. పూడిక తీసిన చెరువు కింద బావులు లేస్తాయి, ఒండ్రు పోసిన చెలక తేమను ఎక్కువకాలం పట్టుకుంటుంది. కానీ ఇంకించిన నీళ్లు కొత్త నీళ్లు కావు. హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతం మీద పరిశోధకులు చేసిన అధ్యయనం చెప్పేదిదే: వాన పెద్దగా తగ్గకపోయినా జలాశయంలోకి వచ్చే వరద తగ్గుతూ వచ్చింది. ఎగువన కట్టిన నీటి నిల్వ కట్టడాలు, పెరిగిన బోర్లు అందుకు ముఖ్య కారణాలు. ఎగువ రైతు ఆపుకున్న నీళ్లు దిగువ చెరువుకు రాలేదు. తప్పు ఎవరిదీ అని అడగడం లేదు. ఖర్చు తగ్గించకుండా గుంతలు మాత్రమే తవ్వితే, ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరి జేబులో పెట్టినట్టే అవుతుంది. ఇంకా ఒక మాట, రోడ్డు మీది మురుగును, ఫ్యాక్టరీ ఆవరణ నీళ్లను ఎండిన బోరులోకి వదలకండి. పటాన్‌చెరు, బొల్లారం దగ్గర నక్కవాగు వెంబడి భూగర్భజలం ఏమైందో మనం చూశాం. రాతి పగుళ్లలోకి దిగిన విషాన్ని బయటికి తీసే దారి లేదు. నల్లగొండలో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మనుషులను చూసిన తరం మనది. ఆ ఫ్లోరైడ్ గ్రానైట్‌లో సహజంగా ఉన్నదే, రాతిలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లలో అది పెరుగుతుంది.

ఇప్పుడు వాగు దగ్గరికి వస్తాను. ఫొటోలు తీసే మిత్రులు ఇది కాస్త శ్రద్ధగా వినాలి.

వానలు దసరాకు ఆగిపోతాయి. కానీ వాగు సంక్రాంతి దాకా, ఒకప్పుడు శివరాత్రి దాకా సన్నగా పారుతూనే ఉండేది. ఆ నీళ్లు ఎక్కడివి? ఒడ్డున ఉన్న నేలలోంచి ఊరినవే. చుట్టుపక్కల బావుల్లో మట్టం వాగు అడుగు కంటే పైన ఉంటే నేల వాగుకు నీళ్లిస్తుంది. మట్టం కిందికి పోతే వాగులో ఉన్న నీళ్లను నేల తాగేస్తుంది. అందుకే బోర్లు పెరిగిన చోట ముందు చచ్చేది వాగు. ఆ తర్వాత ఎప్పటికో మనిషి గమనిస్తాడు. ఒడ్డున ఉన్న ఏరుమద్ది, కానుగ, ఈత చెట్ల వేర్లు ఆ పైపై తడి మీదే బతుకుతాయి. అది పోతే చెట్టు ఒక్క ఏడాదిలో చావదు. కొస కొమ్మలు ఎండుతూ, కాపు తగ్గుతూ పోతుంది.

పారడం ఆగిన వాగులో కూడా ఇసుక కింద నీళ్లుంటాయి. పశువుల కాపరి చెలమ తోడితే ఆయన పోయాక సాయంత్రం నక్క తాగుతుంది, కముజు పిట్టలు తాగుతాయి, అడవిపంది వచ్చి ఇంకాస్త తవ్వుతుంది. ఇసుక ఎత్తుకుపోయిన వాగులో చెలమ ఉండదు. నీళ్లు దొరకని జంతువు ఎటు పోతుంది? తడి ఉన్న చోటికి. ఆ తడి రైతు మడిలో ఉంది. పందులు, నెమళ్లు, జింకలు పంట మీద పడుతున్నాయని మీరు చెప్పే బాధ నిజం, అబద్ధం అనే ధైర్యం నాకు లేదు. దానికి కారణాలు చాలా ఉన్నాయి, అడవి అంచు తగ్గడం, చిరుతలు తగ్గడం. ఎండిన వాగు కూడా అందులో ఒకటి అని నా అభిప్రాయం.

నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. ఎండాకాలం వస్తే అటవీ శాఖ సాసర్ పిట్లు, అంటే నేలలో లోతు తక్కువ నీటి పళ్లేలు, పెట్టి, సిమెంటు తొట్లలోకి ట్యాంకర్లతో నీళ్లు పోస్తుంది. కొన్నిచోట్ల సోలార్ మోటార్లు పెట్టి బోరు నీళ్లు తొట్లలోకి వదులుతున్నారు. ఏప్రిల్ ఎండలో ఆ నీళ్లు ప్రాణాలు నిలుపుతున్నాయి, ఆ పని చేసే బీట్ సిబ్బందికి, చెంచు వాచర్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా సహజమైన ఊట ఊటే. తొట్టి దగ్గర జంతువులన్నీ ఒకేచోట గుమిగూడతాయి, రోగాలు పాకుతాయి, వేటగాడికి ఎక్కడ కాపు కాయాలో తెలిసిపోతుంది. అడవిలోని ఊటలు, చెలమలు ఎన్ని మిగిలాయో, ఏ నెల దాకా ఉంటున్నాయో రాసిపెట్టే పని తొట్లు కట్టడం కంటే ముందు జరగాలి. ఆ ఊటలు చెంచు పెద్దలకు ఒక్కొక్కటీ తెలుసు. వాళ్లను అడగాలి.

మన పొలాల్లోని పాత మోటబావులు కూడా ఒక అభయారణ్యమే. బావిలోకి వంగిన తుమ్మ కొమ్మకు గిజిగాడు గూళ్లు అల్లుతుంది, కింద నీళ్లుంటే పిల్లీ పామూ సులువుగా రాలేవు. మట్టి గోడలో లకుముకిపిట్ట బొక్క తవ్వుకుంటుంది. రాతి సందుల్లో పావురాలు, నీళ్లలో తాబేళ్లు, కప్పలు. మట్టం ఇరవై అడుగుల్లో ఉన్నంతకాలం ఈ సంసారం నడిచింది. బోర్లు మట్టాన్ని కిందికి లాగాక బావి ఎండింది, ఎండిన బావిలో చెత్త వేశాం, ఆ తర్వాత పూడ్చేశాం. నీళ్లున్న ఒక్క బావి మీ ఊళ్లో మిగిలి ఉంటే దాన్ని పూడ్చకండి. చుట్టూ మోకాలెత్తు గోడ కట్టండి, పిల్లలూ జంతువులూ పడకుండా. ఎండిన బోరు పొక్కలను మాత్రం ఇవాళే మూయండి. పసిపిల్లలు పోయారు అందులో పడి.

ఇంకో ప్రపంచం ఉంది, మనలో చాలామంది విననిది. భూగర్భజలంలోనే బతికే జీవులున్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెప్పిన వై. రంగారెడ్డి గారు కృష్ణా, గోదావరి ఒడ్డు ఇసుకల్లోంచి, బోర్లలోంచి నీళ్లు వడకట్టి, రొయ్యలకు దూరపు బంధువులైన చిన్న చిన్న జీవులను ఎన్నింటినో ప్రపంచానికి కొత్తగా పరిచయం చేశారు. మిల్లీమీటరు పొడవు, కళ్లుండవు, రంగుండదు. చీకట్లో, రాళ్ల సందుల్లో, బాక్టీరియా పొరలు తింటూ బతుకుతాయి. కొన్ని జాతులు ఒక చిన్న ప్రాంతం దాటి మరెక్కడా దొరకవు. కేరళలో బావుల్లో దొరికే గుడ్డి చేప కూడా ఈ కోవదే. ఒక నీటి పొరను పూర్తిగా తోడేస్తే, పేరు పెట్టకముందే ఒక జాతి పోవచ్చు. వన్యప్రాణి అనగానే పులి గుర్తొచ్చే మనకు, బోరు నీళ్లలో కూడా వన్యప్రాణులున్నాయని తెలియడం చాలా అవసరం. నాకైతే ఈ విషయం తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

నగరం సంగతి. మనకు కృష్ణా నీళ్లు, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్లకు మించిన దూరం నుంచి ఎత్తిపోస్తారు. అవి చాలక ప్రతి అపార్ట్‌మెంటుకూ బోరు. అది ఎండితే ట్యాంకరు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం ఎంత తొక్కిసలాట జరిగిందో మీకు తెలుసు. ప్రైవేటు ట్యాంకరు నింపేది శివారు ఊళ్ల వ్యవసాయ బోర్ల దగ్గర. పంట కంటే నీళ్లు అమ్మితేనే ఎక్కువ వస్తుంటే రైతు అమ్ముతాడు, ఆయన పక్క రైతు బోరు ఎండుతుంది. మనం తాగే ఆ నీళ్లు ఎవరి యాసంగి పంటవో, ఏ వాగు ఊటవో అడిగే అలవాటు చేసుకోవాలి.

మరో పక్క, నగరంలో నీళ్లు ఇంకే చోట్లను మూసేస్తున్నాం. బండరాళ్లు, తుప్పలు ఉన్న నేలను పనికిరాని భూమి అంటారు. రాళ్ల గుట్టల మొదట్లో, రాతి మీద జారిన వాన మొరంలోకి దిగే చోటు అది. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద ఎంత పోరాటం జరిగిందో చూశారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను ఆపింది. జింకల కోసం, నెమళ్ల కోసం విద్యార్థులు నిలబడ్డారు. అది ఎంతో గొప్ప పని. ఆ తుప్పల కింద దిగే నీళ్ల కోసం కూడా ఆ పోరాటం అవసరమే అని నేను కలుపుతాను. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్లు కాపాడాలని 1996లో ఇచ్చిన 111 జీవో వెనక కూడా ఈ ఆలోచనే ఉంది. దాన్ని సడలించడాన్ని నేను ఒప్పుకోను. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చెరువుకు బోర్డు పెడితే సరిపోదు, ఎగువ నుంచి వచ్చే కాలువ కబ్జా కాకుండా ఉంటేనే ఆ పక్షులుంటాయి.

చివరగా, చేయాల్సిన పని. దసరాకు, దీపావళికి మధ్య ఊళ్లో పదిపన్నెండు బావులు, బోర్లు ఎంచుకోండి. మోటార్లు ఆపి ఒక రాత్రి గడిచాక, పొద్దున్నే టేపు దించి మట్టం రాయండి. కొన్ని బోర్లు ఎన్ని నీళ్లు పోస్తున్నాయో డ్రమ్ముతో కొలవండి. భూగర్భజల శాఖ పీజోమీటర్ల, అంటే నీటిమట్టం చూసే గొట్టపు బావుల, లెక్కలు ప్రతి నెలా వస్తాయి, మీ మండలానివి తెచ్చి పక్కన పెట్టుకోండి. రాష్ట్ర సగటు చూసి ధైర్యపడకండి. కాలువ కింది ఊరి నీళ్లు మెట్ట ఊరి బోరుకు రావు. తర్వాత గ్రామసభలో ముందు తాగునీళ్లు తీసిపెట్టండి. ఆ తర్వాత వాగు వాటా. దానికి నేను చెప్పే కొలత సులువైనది: వాగు ఒడ్డు బావుల్లో మట్టం సంక్రాంతి దాకా వాగు అడుగు కంటే కిందికి పోకూడదు. పోతోందంటే ఒడ్డు బోర్లు వంతులవారీగా ఆగాలి, ఆగిన రైతుకు మిగతావాళ్లు ఒక తడి ఇవ్వాలి. మిగిలిన నీళ్లతో ఎన్ని ఎకరాల వరి, ఎన్ని ఎకరాల ఆరుతడి అన్నది అప్పుడు తేల్చండి.

మహేశ్వరం వైపు రెండు ఊళ్ల రైతులు ఈ దసరాకు కొలవడం మొదలుపెడతామని ఇక్కడే వెనక కూర్చుని ఉన్నారు. టేపులు, వానమాపకాలు వాళ్ల దగ్గరున్నాయి. అంకెలు రాసి, పటం గీసి, గోడ మీద ఎక్కించడానికి పదిహేను రోజులకోసారి వచ్చే మనుషులు కావాలి. వాగు వెంట ఏ చెలమలో ఏ నెల దాకా నీళ్లున్నాయో, అక్కడికి ఏ జంతువులొస్తున్నాయో రాసేవాళ్లు కూడా కావాలి. ఆదివారాలు ఇవ్వగలిగిన విద్యార్థులు, పక్షుల మిత్రులు బయట బల్ల దగ్గరున్న పుస్తకంలో పేర్లు రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు వెనక వరుసలవాళ్లు.